వంటింటి భాష, ఒపెరా వేదిక

1956 మార్చి 10 రాత్రి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ సిటీ హాల్లో ఇటాలియన్ సంగీతకారుడు వెర్ది రాసిన ఒపెరా 'లా ట్రావియాటా' మొదలైంది. వేదిక మీద ఉన్నవాళ్లు వృత్తి గాయకులు కారు. బట్టల ఫ్యాక్టరీల్లో మిషన్ కుట్టేవాళ్లు, ఇళ్లల్లో ఆఫీసుల్లో చిన్నాచితకా పనులు చేసేవాళ్లు. పగలు పనికి పోయి సాయంత్రం రిహార్సల్‌కి వచ్చేవాళ్లు. చాలామందికి సంగీత లిపి చదవడం రాదు, ఇటాలియన్ అసలే రాదు. ఒకరు పాడితే విని, మళ్లీ పాడి, మళ్లీ విని, నోటికి పట్టించుకున్నారు. హాలు మాత్రం కిక్కిరిసింది.

సరిగ్గా వారానికి వియన్నాలో ఇంకో తెర లేచింది. మిమి కూర్ట్సే అనే ఇరవై మూడేళ్ల సొప్రానో (పైస్థాయి గొంతున్న గాయని) స్టేట్ ఒపెరాలో మొజార్ట్ 'మాయా వేణువు'లోని రాత్రి రాణి పాత్రతో అడుగుపెట్టింది. గొంతు ఆకాశానికెక్కి అక్కడే నిలబడాల్సిన పాత్ర అది. ఎంత మంచి గాయనికైనా టెన్షనే. ఆమె నెగ్గింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా వియన్నా ఆమె పాట విన్నది.

రెండు చోట్లా పాడింది దక్షిణాఫ్రికా వాళ్లే. ఇద్దరి ఇళ్లల్లోనూ డచ్ నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్ భాష వినిపించేది. కూర్ట్సే తెల్లజాతి ఆఫ్రికానర్, అంటే ఆ భాష మాట్లాడే డచ్ వలసదారుల సంతతి, కాబట్టి సొంత దేశంలో జాతి బిడ్డ అయింది. సిటీ హాల్లో పాడినవాళ్లు ప్రభుత్వ కాగితాల్లో 'కలర్డ్', అంటే మిశ్రమ జాతివాళ్లు. వాళ్లకు దక్కింది వేరు: అదే ఏడాది పార్లమెంటు రాజ్యాంగ చట్టాన్ని సవరించి, కేప్ ప్రాంతపు కలర్డ్ ఓటర్లను ఉమ్మడి ఓటరు జాబితాలోంచి తీసేసింది.

ఇంతకీ ఆ రెండు రాత్రుల్లోనూ ఆఫ్రికాన్స్‌లో ఒక్క మాట కూడా పాడలేదు. ఆ భాషలో మొదటి ఒపెరా రావడానికి ఇంకో పదకొండేళ్లు పట్టింది. తమ భాషే తమ జాతి అని రాజ్యమేలిన మనుషులు, కోట్లు పోసి ఒపెరా హౌసులు కట్టిన మనుషులు, సొంత భాషలో ఒపెరా రాయించుకోవడానికి ఎందుకంత ఆలస్యం చేశారు? చిన్న ప్రశ్నలాగే ఉంటుంది కానీ, లాగితే దక్షిణాఫ్రికా చరిత్ర సగం దాని వెంట వస్తుంది.

ముందు భాష సంగతి. 1652లో డచ్ ఈస్టిండియా కంపెనీ కేప్‌లో మకాం పెట్టింది. తూర్పుకు పోయే ఓడలకు నీళ్లు, కూరగాయలు అందించే మజిలీ అది. పనికి మనుషులు కావాలి, అందుకని బానిసలను తెచ్చారు. ఇండోనేషియా దీవుల నుంచి, మడగాస్కర్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి, బెంగాల్ నుంచి, మన కోరమండల్ తీరం నుంచి. అదే కంపెనీకి మచిలీపట్నం, భీమునిపట్నం, పులికాట్‌లలో కోఠీలు ఉండేవి. పేరు పక్కన ఊరిపేరు బదులు 'కోరమండల్' అని రాసి ఉన్న మనుషులు కేప్ రికార్డుల్లో కనిపిస్తారు. వాళ్లలో తెలుగు మాట్లాడినవాళ్లూ ఉండే ఉంటారు. పేరే మార్చేశాక ఆనవాలు పట్టడం కష్టం.

ఈ బానిసలు, అక్కడి స్థానికులైన ఖోయ్ ప్రజలు, డచ్ యజమానులు ఒకే ఇంట్లో, ఒకే పొలంలో మాట్లాడుకోవాలి. డచ్ వ్యాకరణం ఆ నోళ్లల్లో పడి నలిగింది. క్రియల రూపాలు రాలిపోయాయి, లింగభేదం పోయింది. 'చాలా' అనడానికి ఆఫ్రికాన్స్‌లో వాడే 'బాయె' మలయ్ భాషలోని 'బాన్యాక్' నుంచి వచ్చింది. అరటిపండు 'పీసాంగ్' కూడా మలయ్ మాటే. ఆ భాషకు చదువుకున్న డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు 'కొంబయిస్‌తాల్', వంటింటి భాష. తిట్టుగానే అన్నారు. కానీ చరిత్ర ప్రకారం చూస్తే అంత నిజమైన మాట ఇంకోటి లేదు. ఆ భాష నిజంగానే వంటింట్లో పెరిగింది, అక్కడ వండింది ఎక్కువగా నల్లచేతులూ చామనచాయ చేతులే.

ఆఫ్రికాన్స్ తొలి పుస్తకాల్లో ఒకటి అరబిక్ లిపిలో ఉంది. కేప్ ముస్లింల కోసం అబూబకర్ ఎఫెండీ రాసిన మతగ్రంథం 1877లో ఇస్తాంబుల్‌లో అచ్చయింది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే తర్వాతి కథంతా వేరేగా కనిపిస్తుంది. ఎందుకంటే దానికి రెండేళ్ల ముందే, 1875లో, పార్ల్ ఊళ్లో కొందరు తెల్ల ఆఫ్రికానర్లు 'అసలైన ఆఫ్రికానర్ల సంఘం' పెట్టుకుని ఇది మా భాష, దేవుడు మాకిచ్చిన భాష అని ప్రకటించుకున్నారు. మసీదులో పిల్లలు అలిఫ్ బేలతో దిద్దుకుంటున్న భాషను చర్చిలో తమ సొంత సొత్తుగా రాయించుకోవడం అక్కడ మొదలైంది.

ఆపైన బ్రిటిషువాళ్లకూ బోయర్లకూ (ఆఫ్రికానర్ రైతులకూ) మధ్య వచ్చిన బోయర్ యుద్ధం (1899–1902) వాళ్ల మనసును గట్టిపరిచింది. బ్రిటిషువాళ్ల నిర్బంధ శిబిరాల్లో ఇరవై ఆరువేల మందికి పైగా బోయర్ ఆడవాళ్లు, పిల్లలు చనిపోయారు. అవే రోజుల్లో విడి శిబిరాల్లో చనిపోయిన వేలాది నల్లవాళ్లను ఆ జ్ఞాపకంలో కలుపుకోలేదనుకోండి. ఓడిపోయిన వాళ్లకు బళ్లో ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. భాష ఇక మాట్లాడుకునే సాధనంగా మిగల్లేదు, పరువు సమస్య అయింది. 1925లో ఆఫ్రికాన్స్‌కు అధికార హోదా, 1933లో బైబిల్ అనువాదం, 1937లో ఆఫ్రికానర్ సాంస్కృతిక సంఘాల సమాఖ్య వేసిన పాటల పుస్తకం. ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చారు. 1948లో నేషనల్ పార్టీ గద్దెనెక్కి వర్ణవివక్షను చట్టం చేసింది.

ఇక్కడ ఒక మాట పట్టుకోవాలి, 'ఫోల్క్'. తెలుగులో దీనికి సరిపోయే మాట ఉంది, 'జాతి'. జాతీయ గీతం అన్నప్పుడు అది దేశం, తెలుగు జాతి అన్నప్పుడు భాష పంచుకున్న జనం, జాతి వివక్ష అన్నప్పుడు ఒంటి రంగు. ఈ మూడర్థాలనూ మనం సందర్భాన్ని బట్టి విడదీసుకుంటాం. ఆఫ్రికానర్ జాతీయవాదులు కావాలనే మూడింటినీ ఒకటిగా ముడేశారు. దేశం ఫోల్క్‌ది, ఫోల్క్ అంటే ఆఫ్రికాన్స్ మాట్లాడే తెల్లవాళ్లు, వాళ్ల చర్చి. అదే భాష మాట్లాడే కలర్డ్ జనం ఆ లెక్కలోకి రారు. భాషే జాతికి ప్రాణమంటూ, ఆ భాష మాట్లాడేవాళ్లలో సగానికి సగం మందిని బయట నిలబెట్టిన జాతీయవాదం అది.

ఇందులోకి ఒపెరా ఎందుకొచ్చింది? మనవైపు పద్యనాటకంలో మధ్యమధ్య మాటలుంటాయి, పద్యం దగ్గర హార్మోనియం అందుకుంటుంది. ఒపెరాలో చాలావరకు మొదటి నుంచి చివరిదాకా పాటే, వెనక అరవై డెబ్బై మంది వాద్యకారులు. ఖర్చు తడిసి మోపెడవుతుంది. టికెట్ల డబ్బుతో ఎక్కడా గిట్టుబాటు కాదు. రాజులో, ప్రభుత్వమో చెయ్యి వెయ్యాల్సిందే. అందుకే అది పందొమ్మిదో శతాబ్దంలో పరువుకి గుర్తయింది. చెక్ జనం ఆస్ట్రియా పాలనలో ఉంటూనే చందాలు పోగుచేసి ప్రాగ్‌లో జాతీయ నాటకశాల కట్టుకుని, 1881లో స్మెటానా రాసిన చెక్ ఒపెరా 'లిబూషె'తో దాన్ని తెరిచారు. జర్మన్‌లో చదువుకుని పెరిగిన స్మెటానా పెద్దయ్యాక చెక్ కుదురుగా నేర్చుకుని మరీ రాశాడు.

ఆఫ్రికానర్లు ఈ దారి పట్టలేదు. దీనికి కారణం నాకు తోచినది చెబుతాను. చెక్‌లకు తాము జర్మన్లం కామని రుజువు చేసుకోవాలి, దానికి చెక్‌లో పాడాలి. ఆఫ్రికానర్లకు రుజువు చేసుకోవాల్సింది దీనికి తలకిందులు: తాము ఆఫ్రికాలో ఉన్నా యూరోపియన్లమేనని. వంటింటి భాష అన్న పాత తిట్టు వెంటాడుతూనే ఉంది. అలాంటప్పుడు వెర్దిని వెర్దిలా, మొజార్ట్‌ను మొజార్ట్‌లా పాడితేనే సర్టిఫికెట్ దొరుకుతుంది. కూర్ట్సే వియన్నాలో జర్మన్‌లో పాడినందుకు జాతి గర్వపడింది. ఆమె ఆఫ్రికాన్స్ పాటలూ రికార్డు చేసింది, అవి ఇళ్లల్లో రేడియోల్లో మోగాయి. కానీ అవి చిన్న పాటలు, ఇంటిబెంగ పాటలు. పెద్ద వేదిక యూరప్ భాషలకు, గుండె గది ఆఫ్రికాన్స్‌కు అన్నట్టు పంపకం జరిగిపోయింది.

అనువాదాలు చేయించలేదని కాదు. 1963లో ప్రతి రాష్ట్రానికీ ఒకటి చొప్పున నాలుగు ప్రదర్శన కళల మండళ్లు పెట్టి ప్రభుత్వం నిధులిచ్చింది. వాటి తొలి రోజుల్లో కొన్ని ఒపెరాలను ఆఫ్రికాన్స్‌లోనూ ఇంగ్లీషులోనూ పాడించారు. అక్కడ వేరే చిక్కు వచ్చిపడుతుంది, నోటి చిక్కు. ఇటాలియన్‌లో మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి గొంతు సాగదీసుకోవడానికి ప్రతి మాట చివరా చోటుంటుంది. మన తెలుగుకి ఉన్న సుఖం కూడా అదే. ఆఫ్రికాన్స్‌లో మాటలు చాలావరకు హల్లుతో తెగిపోతాయి. 'గ' అక్షరాన్ని గొంతులోంచి గీరినట్టు 'ఖ' అని పలకాలి. పైగా వ్యతిరేకార్థం చెప్పాలంటే 'నీ' అనే మాట రెండుసార్లు రావాలి, రెండోది వాక్యం చిట్టచివర. 'నాకు అలసట లేదు' అనాలంటే 'ఎక్ ఇస్ నీ మూఖ్ నీ'. ఇటాలియన్‌లో ఒక్క 'నో'తో పైస్వరంలో ఆగిపోయే చోట, ఆఫ్రికాన్స్ అనువాదకుడు వాక్యం చివరిదాకా పోయి రెండో 'నీ'ని ఎక్కడో దింపాలి. జోక్‌లా ఉంటుంది కానీ అనువాదం చేసేవాడికి చెమటలు పడతాయి.

అయితే ఈ చిక్కు ఆ భాషకు రాసిన సంగీతంలో ఉండదు. ఆర్నాల్డ్ వాన్ వైక్ 1953లో యూజీన్ మారే కవితలకు కట్టిన పాటల గుచ్ఛం వింటే, గొంతు గీరుడు, హల్లు తెగుడు కూడా సంగీతమైపోవడం తెలుస్తుంది. అంటే భాషలో లోపం లేదు. ఆయన ఒపెరా మాత్రం మిగల్చలేదు. హ్యూబర్ట్ డుప్లెసీ 1966 రిపబ్లిక్ ఉత్సవాల కోసం భారీ గానకృతి రాశాడు, అదీ ఒపెరా కాదు.

మొదటిది వచ్చింది ఎవరూ చూడని వైపు నుంచి. క్రామ్‌వెల్ ఎవర్సన్ అనే స్వరకర్త 1967లో 'క్లూతైమ్నెస్ట్రా' అనే నాలుగంకాల ఆఫ్రికాన్స్ ఒపెరాను ఊస్టర్ అనే ఊళ్లో ప్రదర్శింపజేశాడు. కేప్‌టౌన్ నుంచి కొండలు దాటి వంద కిలోమీటర్లకు పైగా లోపలికి పోతే, ద్రాక్షతోటల మధ్య వచ్చే పట్నం అది. రాజధాని కాదు, పెద్ద నాటకశాల కాదు, జాతీయ ఉత్సవమూ కాదు.

కథ చూడండి. ట్రాయ్ యుద్ధానికి పోవడానికి గాలి కావాలని అగమెమ్నాన్ రాజు కన్నకూతుర్ని బలిస్తాడు. పదేళ్ల తర్వాత గెలిచి ఇంటికొస్తే, భార్య క్లూతైమ్నెస్ట్రా ప్రియుడితో కలిసి అతణ్ని చంపేస్తుంది. బోయర్లు వలసపోయిన ఎద్దుబండ్లు లేవు, బోయర్ వీరులు లేరు, జూలూ సైన్యం లేదు. జాతీయవాదం అప్పటికి ముప్పై ఏళ్లుగా పూజిస్తున్న సరుకేదీ ఇందులో లేదు. దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. గ్రీకు కథ ఎత్తుకుంటే యూరప్ నాగరికతలో సభ్యత్వం ఖాయమవుతుంది, అది పాత సర్టిఫికెట్ ఆశే. రెండోది, దూరపు కథలో దగ్గరి సంగతి మాట్లాడుకోవచ్చు. జాతి కోసం పిల్లను బలిచ్చిన తండ్రి కథ 1967 దక్షిణాఫ్రికాలో పూర్తిగా అమాయకంగా వినిపించి ఉండదు. దానికి ఏడాది ముందే, 1966 సెప్టెంబరులో, ప్రధాని ఫెర్‌వూర్ట్ పార్లమెంటు హాల్లోనే కత్తిపోట్లకు చనిపోయాడు. పొడిచినవాడి తండ్రి గ్రీకువాడు. ఒపెరాకీ దానికీ సంబంధం ఉందని నేను అనడం లేదు, ఆ హాల్లో కూర్చున్నవాళ్లకు గుర్తురాకుండా ఉండి ఉంటుందా అన్నదే నా అనుమానం.

ఆ ప్రధానికి కళాకారుల మీద ఉన్న అంచనా ఏమిటో అదే ఏడాది తేలిపోయింది. రిపబ్లిక్ అయిదో వార్షికోత్సవానికి ఆఫ్రికాన్స్ మహాకవి ఎన్.పి. వాన్ వైక్ లో చేత నాటకం రాయించారు. ఆయన బోయర్ యుద్ధం మీద రాశాడు. బాగానే ఉంది, కానీ నాటకం 'ఫోల్క్ అంటే ఏమిటి?' అన్న ప్రశ్నతో మొదలైంది. వీరులతో పాటు లొంగిపోయినవాళ్లనూ చూపించింది. ఫెర్‌వూర్ట్ బహిరంగ సభలో దెప్పాడు, మన రచయితలు సందేహాలు మాని జాతి సాధించినదాన్ని ఎప్పుడు కీర్తిస్తారని. మాటల నాటకానికే ఇంత గొడవైతే, ప్రభుత్వ డబ్బు లేకుండా బతకలేని ఒపెరాలో ఎవరు ఏం రాస్తారు? యూరోపియన్ ఒపెరా ఎవరికీ ఇబ్బంది లేని సరుకు. అందులో రాజులు, దగాలు, తిరుగుబాట్లు అన్నీ ఉంటాయి, అన్నీ వేరే ఊరివి.

సొంత భాష ఒపెరా ఊస్టర్‌లో, ప్రభుత్వ డబ్బు మాత్రం కేప్‌టౌన్ సముద్రపు ఒడ్డున పూడ్చిన నేల మీద కాంక్రీటుగా లేచింది. 1971 మేలో నికో మలాన్ ఒపెరా హౌస్ తెరిచారు. తెల్లవాళ్లకు మాత్రమే. ఈసారి తెల్లవాళ్లలోనే చాలామందికి మనసొప్పక బహిష్కరించారు. నాలుగేళ్లకు, 1975లో, అన్ని జాతులవాళ్లకూ తలుపు తీయక తప్పలేదు. కానీ మొదటి నాలుగేళ్లు ఎవరు బయట ఉన్నారో చూడాలి.

సిటీ హాల్లో 'ట్రావియాటా' పాడిన బృందం పేరు ఇయోఆన్. గ్రీకులో తెల్లవారుజాముకు సంబంధించిన మాట. 1933లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటలో హెలెన్ సదర్న్‌హోల్ట్ అనే బ్రిటిష్ మహిళ మొదలుపెట్టింది. కలర్డ్ పిల్లలకు ఇంగ్లీషు ఉచ్చారణ, నాట్యం, మంచి పద్ధతులు నేర్పాలని ఆమె ఉద్దేశం. ఉద్ధరించే ధోరణి ఉందనే చెప్పాలి. 1943లో జోసెఫ్ మాంకా కోరస్‌ను చేతిలోకి తీసుకున్నాడు. పగలు నగరపాలక సంస్థలో ఉద్యోగం, సాయంత్రాలు సంగీతం. ఒపెరా పిచ్చి ఆయనది. 1956 తర్వాత దాదాపు ఇరవై ఏళ్లపాటు 'రిగొలెట్టో', 'కార్మెన్', 'లా బోహేమ్', 'మదామా బటర్‌ఫ్లై' ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించాడు. మే అబ్రహామ్సే లాంటి సొప్రానోలు ఆ వేదిక మీదే పెరిగారు.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? కొంత ప్రభుత్వపు కలర్డ్ వ్యవహారాల శాఖ నుంచి. వాళ్లను విడిగా ఉంచడానికే పెట్టిన శాఖ అది. గ్రాంటు తీసుకుంటే షరతులు వస్తాయి, మిశ్రమ ప్రేక్షకులకు పర్మిట్ అడగాలి, ఎవరు ఏ వైపు కూర్చోవాలో చూసుకోవాలి. కలర్డ్ ఉపాధ్యాయులు, రాజకీయ కార్యకర్తలు ఇయోఆన్ మీద మండిపడ్డారు. మన చేతికి సంకెళ్లు వేసినవాడి డబ్బుతో వాడి పాటే పాడతారా అని. బృందంలోవాళ్ల జవాబు ఎప్పుడూ ఒక్కటే: మాకు పాడాలని ఉంది, పాడటానికి వేరే చోటు లేదు. ఎవరిది ఒప్పు అంటే, ఇద్దరిదీ అని తప్పించుకోవడం నాకిష్టం లేదు. తప్పు ఎంపికది కాదు, అలాంటి ఎంపిక ముందు నిలబెట్టినవాళ్లది. అయినా ఆ విమర్శ వాళ్లను జీవితాంతం బాధించింది. సొంత పేటవాళ్లే రాకపోతే ఏ చప్పట్లూ సరిపోవు.

1966 ఫిబ్రవరిలో డిస్ట్రిక్ట్ సిక్స్‌ను తెల్లవాళ్ల ప్రాంతమని ప్రకటించారు. అరవై వేల మందికి పైగా జనాన్ని తరలించి ఇళ్లు బుల్‌డోజర్లతో నేలమట్టం చేశారు. ఇయోఆన్‌కు 1969లో కలర్డ్ జనానికి కేటాయించిన ఆథ్లోన్ పేటలో జోసెఫ్ స్టోన్ ఆడిటోరియం దక్కింది. మంచి కట్టడమే, కాకపోతే అది ఇక నీ హద్దు ఇదీ అని గీసిన గీత. ఆ బృందం నుంచి వెళ్లిన టెనర్ (పైస్థాయి గొంతున్న గాయకుడు) జోసెఫ్ గాబ్రియెల్స్ ఇటలీలో నేర్చుకుని 1971లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో 'పాలియాచ్చీ'లో కానియో పాడాడు. ఆ ఏడాదే కేప్‌టౌన్‌లో నికో మలాన్ తెరుచుకుంది. న్యూయార్క్ వేదిక ఎక్కిన మనిషికి సొంత ఊరి ఒపెరా హౌస్‌లో వెనకవరస టికెట్ కూడా కొనుక్కునే హక్కు లేదు.

ఇక్కడ ఆగి ఇంకో గొంతు వినాలి. కేప్‌టౌన్ ముస్లిం కుటుంబాల్లో మగవాళ్ల కోరస్ బృందాలు శతాబ్దానికి పైగా పాడుతున్నాయి. వాళ్ల పాటల్లో 'నెదర్లాండ్స్‌లీట్' అని ఒక రకం ఉంది. మాటలు పాత డచ్, బాణీ ఎప్పుడో ఓడల మీద వచ్చింది. మధ్యలో ఒక్క గాయకుడు లేచి ఎత్తుకుంటాడు, వెనక బృందం అందుకుంటుంది. ఆ ఒక్క గొంతు స్వరం మీద స్వరం జారుస్తూ, వణికిస్తూ, మెలికలు తిప్పుతూ పోతుంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'కరీంకెల్'. మన చెవికి గమకం తెలుసు కనుక వినగానే ఎక్కడో చుట్టరికం తగులుతుంది. యూరప్ చెవికి మాత్రం అది శ్రుతి తప్పినట్టు ఉంటుంది. డచ్ మాటకు మలయ్, అరబ్ వాసన ఉన్న మెలిక. ఆఫ్రికాన్స్ భాష పుట్టుకంతా ఒక పాటలో వినాలంటే ఇంతకు మించింది లేదు.

జాతీయవాదులకు ఇది తెలియక కాదు. ఆఫ్రికాన్స్ కవి ఐ.డి. డుప్లెసీ ఈ పాటలను సేకరించాడు, 1939లో మలయ్ కోరస్ బోర్డు ఏర్పడటంలో ఆయన పాత్ర ఉంది. ఆయనే తర్వాత కలర్డ్ వ్యవహారాల కమిషనర్ అయ్యాడు. ఒక చేత్తో పాటను కాపాడి, ఇంకో చేత్తో పాడేవాళ్లను వర్గీకరించిన మనిషి. కరీంకెల్‌ను జానపదం అనే గూట్లో పెట్టి మెచ్చుకున్నారు. ఆఫ్రికాన్స్ ఒపెరాకు అది పునాది కావొచ్చన్న ఊహ మాత్రం ఏ మండలికీ రాలేదు. వచ్చి ఉంటే చెక్‌ల 'లిబూషె'కు సమానమైనది కేప్‌లో పుట్టేదేమో. కానీ అప్పుడు ఫోల్క్ అంటే ఎవరన్న ప్రశ్నకు జవాబు మారిపోయేది.

ఆ భయాన్ని రాతిలో చూడాలంటే పార్ల్ కొండ మీదికి వెళ్లాలి. భాష కోసం కట్టిన స్మారకం అక్కడుంది, 1975 అక్టోబరులో ప్రారంభించారు. ఆకాశంలోకి దూసుకుపోయే 57 మీటర్ల శిఖరం ఆఫ్రికాన్స్ ఎదుగుదల. పక్కన ఎత్తైన స్తంభాలు యూరప్ వారసత్వం, గుండ్రటి గుమ్మటాలు ఆఫ్రికా. మరి మలయ్ భాష? మెట్ల దగ్గర ఒక చిన్న గోడ. 'చాలా' అన్న మాటనిచ్చిన భాషకు దక్కింది అంతే. స్మారకం ప్రారంభమైన ఎనిమిది నెలలకు, 1976 జూన్ 16న, జోహానెస్‌బర్గ్ పక్కన నల్లవాళ్ల బస్తీ సొవెటోలో బడిపిల్లలు వీధుల్లోకి వచ్చారు. లెక్కలు, సాంఘికం ఆఫ్రికాన్స్‌లోనే నేర్పాలన్న ఉత్తర్వు మీద తిరుగుబాటు. పోలీసులు కాల్చారు. ప్రపంచానికి ఆ రోజు నుంచి ఆఫ్రికాన్స్ అంటే తుపాకి పట్టుకున్నవాడి భాష. ఇంట్లో ఆ భాషే మాట్లాడే కలర్డ్ పిల్లలు కూడా ఆ ఆగస్టులో కేప్‌టౌన్ వీధుల్లో పోలీసులకు ఎదురు నిలిచారు.

1994లో వర్ణవివక్ష పాలన ముగిశాక లెక్కలు తారుమారయ్యాయి. ఆఫ్రికాన్స్ పదకొండు అధికార భాషల్లో ఒకటి అయింది. ప్రదర్శన మండళ్లకు నిధులు ఎండిపోయాయి. ప్రిటోరియా స్టేట్ థియేటర్ 2000లో కొంతకాలం మూతపడింది, వాద్యబృందాలు రద్దయ్యాయి. 2001లో నికో మలాన్ పేరు ఆర్ట్‌స్కేప్‌గా మారింది. అదే వేదిక మీద ఇప్పుడు పాడేవాళ్లలో చాలామంది ఖోసా, జూలూ చర్చి కోరస్‌లలో పెరిగినవాళ్లు. ఆ కోరస్ పోటీల్లో ఊరూరా ఒపెరా పాటలు పాడటం ఎప్పటి నుంచో ఉంది, ప్రభుత్వం ఒక్క రూపాయి పెట్టకపోయినా. సొప్రానో ప్రెటీ యెండే అలా వచ్చిన గొంతే. 2002లో జూలూలో 'ప్రిన్సెస్ మగోగో' వచ్చింది, మ్జిలికాజీ ఖుమాలో సంగీతం. 2005లో 'కార్మెన్'ను ఖోసాలోకి మార్చి ఖయెలిట్షా బస్తీలో తీసిన సినిమా బెర్లిన్ చిత్రోత్సవంలో గోల్డెన్ బేర్ బహుమతి గెలిచింది. వాళ్లెవరూ యూరప్ దగ్గర సర్టిఫికెట్ అడగలేదు కాబట్టి, 'కార్మెన్' రాసిన బిజె సంగీతాన్ని మురికివాడ యాసలో పాడటానికి జంకు లేదు.

ఆఫ్రికాన్స్ ఒపెరా చచ్చిపోయిందా? లేదు, చిన్నదైంది, కొంచెం తేలికపడింది కూడా. స్వరకర్త హెండ్రిక్ హోఫ్‌మెయర్, కేప్ గవర్నరుగా పనిచేసిన ఒక క్రూరుడి మీద ఆఫ్రికాన్స్ కవి లైపోల్ట్ రాసిన పాత నాటకాన్ని ఒపెరాగా మలిచాడు. శిక్షించే అధికారం మీద కథ. బ్రామ్ డుటాయిట్ లాంటి తర్వాతి తరంవాళ్లు కొద్దిమంది గాయకులు, కొద్దిపాటి వాద్యాలతో కొత్తవి రాశారు. 1995 నుంచి ఔట్స్‌హూర్న్‌లో జరిగే కళోత్సవం లాంటి చోట్ల ఆఫ్రికాన్స్ నాటకానికీ సంగీతానికీ ఏటా జనం దొరుకుతున్నారు. ఎవరి జనం అన్న తగువు అక్కడా ఉంది, టికెట్ కొనే స్తోమత ఎక్కువగా తెల్లవాళ్లకే కనుక. 2011 జనాభా లెక్కల్లో 13.5 శాతం మందికి మాతృభాషగా ఉన్న ఆఫ్రికాన్స్ 2022 నాటికి 10.6 శాతం ఇళ్లకు తగ్గింది. ఆ మాట్లాడేవాళ్లలో సగానికి పైగా తెల్లవాళ్లు కారు.

ఇయోఆన్ ఒపెరాలు 1970ల్లోనే ఆగిపోయాయి. వాళ్ల కాగితాలు మాత్రం జోసెఫ్ స్టోన్ ఆడిటోరియంలో పెట్టెల్లో ఉండిపోయాయి: కరపత్రాలు, ఫొటోలు, లెక్కల పుస్తకాలు, ప్రభుత్వ శాఖతో నడిపిన ఉత్తరాలు. 2008లో వాటిని స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయపు సంగీత భాండాగారానికి తీసుకెళ్లారు. డి.ఎఫ్. మలాన్, ఫెర్‌వూర్ట్, ఫోర్‌స్టర్, వర్ణవివక్షను నడిపిన ప్రధానుల్లో ఈ ముగ్గురూ చదువుకున్న చోటు అది. పరిశోధకులు ఆథ్లోన్ వెళ్లి, వయసు మీదపడిన ఆనాటి గాయకులను కూర్చోబెట్టి చెప్పించుకున్న జ్ఞాపకాలు 2013లో పుస్తకమయ్యాయి. 1956 నాటి 'ట్రావియాటా' కార్యక్రమ పత్రం చూడాలంటే ఇవాళ స్టెలెన్‌బాష్‌లోనే అడగాలి.